అరల్లో పెట్టిన అయిదు మాటలు

వదినా,

ముందు మీరు కంగారు పడకండి. కంగారంతా నేనే పడేశాను, మీకేం మిగల్చలేదు. మీ తమ్ముణ్ణి మళ్ళీ గుండె వార్డులో చేర్చాం. కాళ్ళు దిండ్లలా వాచాయి, పడుకుంటే ఊపిరాడటం లేదు. నీరు తీసే ఇంజెక్షన్లు ఇస్తున్నారు. వాల్వు పాడైందట, ఆపరేషన్ చేసి మార్చాలట. కొట్టుకి తాళం వేసి ఆయన మంచం పక్కనే కూర్చున్నాను. ఫోనులో గబగబా కొడుతున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

ఇంతే అయితే ఫోను చేసి చెప్పేదాన్ని. ఆయన చెవిన పడకూడనిది ఇంకోటుంది. ఆయనకి మతిమరుపు ముదురుతోందని నేనంటే, మొన్న మీరు ఫోనులో ఆయనతో మాట్లాడి, "వాడు శుభ్రంగా ఉన్నాడే, నువ్వే గోరంతలు కొండంతలు చేస్తావు" అన్నారు. ఆయన గుండీల కొట్టు మనిషి వదినా. ఎవరొచ్చినా "రండి రండి, ఎన్నాళ్ళైంది, ఇంట్లో అంతా కులాసానా" అనడం నోటికి అలవాటు. ఆ మాట అనడానికి ఎదుటి మనిషెవరో తెలియక్కర్లేదు. మీతో మాట్లాడిందీ అదే. ఫోను పెట్టేశాక నాతో, "ఎవరే ఆవిడ? మంచావిడలా ఉంది" అన్నారు.

ఇవాళ డాక్టరమ్మ ఆయనకి పరీక్ష పెట్టింది. అయిదు మాటలు చెప్పింది: నిమ్మకాయ, ఓడ, తాళంచెవి, ఏనుగు, సబ్బు. కాసేపాగి, అవేంటో చెప్పమంది. మీ తమ్ముడు నవ్వి, "ఆ సరుకు మా దగ్గర ఉండదమ్మా, పక్క కొట్లో అడగండి" అన్నారు. వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. డాక్టరమ్మ నవ్వలేదు.

బయటికి పిలిచి చెప్పింది. గుండె నీరసిస్తే మెదడుకీ రక్తం సరిగా అందదట, పెద్ద వయసులో మతి ఇలా తప్పుతుందట. ఒంట్లో నీరు తీశాక కొందరు తేరుకుంటారట, కొందరు తేరుకోరట. ఇలాగే ఉంటే ఆపరేషన్ చేయలేం, చేస్తే ఉన్న కాస్త తెలివీ పోవచ్చు, శుక్రవారం మళ్ళీ పరీక్షిస్తాం అంది.

అంటే పరీక్ష తప్పితే ఆపరేషన్ లేదు. ఆపరేషన్ లేకపోతే మనిషే దక్కడు. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే ముందే కొట్టు సర్దుకోమా వదినా? ఇదీ అంతే. రేపట్నుంచి ఆయన్ని కూర్చోబెట్టి చదివిస్తాను.

మీ వాగుడుకాయ మరదలు


మా వదినమ్మకి,

పాసయ్యారు!

ఎలాగో వినండి. మొదట ఊరికే వల్లె వేయించాను. చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే. చెప్పిన మాట చెప్పినట్టే జారిపోయింది. ఇక లాభం లేదనుకుంటూ, ఏమీ తోచక, "ఏమండీ, కోటు గుండీలు ఎక్కడున్నాయి?" అన్నాను. కళ్ళు మూసుకునే "పై అర, ఎడమ పక్క" అన్నారు. జిప్పులు? లేసులు? దారాలు? తడుముకోలేదు వదినా! మతి మొత్తం పోయినా కొట్టు పోలేదు.

ఇంకేం, కొట్టంతా వాడేసుకున్నాను. "తెల్ల గుండీల అరలో నిమ్మకాయ పెట్టానండీ. కోటు గుండీల అరలో ఓడ. జిప్పుల్లో తాళంచెవి. లేసుల్లో ఏనుగు. దారాల్లో సబ్బు."

"లేసుల అరలో ఏనుగెలా పట్టిందే?"

"మడతపెట్టి పెట్టాను."

"నీకు సర్దడం రాదని ఎప్పుడూ చెప్తూనే ఉన్నా" అని నవ్వారు. ఎన్నాళ్ళకి నన్ను తిట్టారో! ఇక వదల్లేదు. అన్నం తినిపిస్తూ అడిగాను, మందులు వేస్తూ అడిగాను.

శుక్రవారం డాక్టరమ్మ అవే మాటలు చెప్పి అడిగింది. మీ తమ్ముడు కళ్ళు మూసుకుని ఒక్కో అరా తెరిచినట్టు అయిదూ అప్పజెప్పారు. "తేరుకుంటున్నారే!" అని ఆవిడ ఆయన చేయి పట్టుకుని ఊపింది. ఆపరేషన్ ఖాయం చేశారు. దీన్ని మోసం అంటారా వదినా? అన్నా అనండి. మనిషి దక్కాక తీరిగ్గా తిట్లు తింటాను.

మీ మరదలు


వదినా,

ఆపరేషన్ లేదు. ఇంటికొచ్చేశాం.

డాక్టరమ్మ మంచం మీద ఆయన పక్కనే కూర్చుని, గుండెలో ఏం మారుస్తారో, ఏం జరగొచ్చో నెమ్మదిగా వివరించింది. "ఏం చేయబోతున్నామో మీ మాటల్లో చెప్పండి" అంది. "మీరు చెప్పాక తిరుగేముందమ్మా" అన్నారీయన. ఆవిడ వదల్లేదు, మళ్ళీ అడిగింది. అప్పుడు నా మొహంలోకి చూశారు వదినా. చూస్తూనే "నిమ్మకాయ, ఓడ, తాళంచెవి, ఏనుగు, సబ్బు" అని గడగడా చెప్పేసి, నేను మెచ్చుకుంటానని నవ్వుతూ ఆగారు.

మెచ్చుకున్నాను. తర్వాత వరండాలో డాక్టరమ్మకి జరిగిందంతా చెప్పేశాను. ఆవిడ తిడుతుందనుకున్నాను. గోడకానుకుని, "వేరే మాటలు అడగాల్సింది నేను" అంది. అంతే. మందులతో నడిచినన్నాళ్ళు నడుస్తుంది, ఎన్నాళ్ళో చెప్పలేనంది.

సరే, కొట్లో కూర్చోబెడితే కాస్త కులాసాగా ఉంటారనుకున్నాను. మన టైలరమ్మ వచ్చి తెల్ల గుండీలు అడిగింది. ఆయన అర దాకా వెళ్ళి, చేయి దగ్గర పెట్టి ఆగిపోయారు. "ఇందులో నిమ్మకాయ ఉంది" అన్నారు. ఆవిడ నవ్వి కోటు గుండీలు అడిగింది. "ఓడ" అన్నారు. నేను అర లాగి, గుండీలు గుప్పెట్లో తీసి చూపించాను. వాటిని చూశారు, నన్ను చూశారు. ఎవరో కొట్లో దూరి సరుకు మార్చేసినట్టు బిక్కమొహం వేశారు. ఆ దూరింది నేనే కదా వదినా. ఆయనకి మిగిలింది ఆ కొట్టొక్కటే. దాన్నీ నా చేతులతోనే పాడుచేశాను. డాక్టరమ్మ అది జబ్బు ముదరడమే, మీ వల్ల కాదంటుంది. ఆవిడ మంచిది.

మీరు రండి. ఆలస్యం చేయకండి. వచ్చాక "నేనెవర్రా, చెప్పుకో చూద్దాం" అని మాత్రం అడక్కండి. వచ్చినవాళ్ళంతా అదే అడుగుతున్నారు. ఆయన చెమటలు కక్కుతూ నా మొహం చూస్తున్నారు. గుమ్మంలోనే "మీ అక్కనిరా" అని మీరే చెప్పేయండి. నేనూ అదే చేస్తున్నాను. పొద్దున్నే వెళ్ళి, "నేను మీ పెళ్ళాన్నండీ" అంటున్నాను.

ఇవాళ చెప్తే, "అలాగామ్మా, కూర్చోండి" అన్నారు.

కూర్చున్నాను.

మీ మరదలు