డొల్లగా మోగిన పైకప్పు

బాపూ,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. పొద్దున నీ ఫొటో ముందు అన్నం పెట్టాం. ఆ తర్వాత నేను చేసిన పని నీకు చెప్పాలి.

బొగ్గుబాయిలో పైకప్పును కర్రతో కొట్టి చూసేవాడివి కదా. గట్టిగా మోగితే ఉండొచ్చు, డొల్లగా మోగితే బయటికి ఉరకాలి. రిటైరయ్యాక కూడా ఇంట్లో ప్రతి గది స్లాబునూ కొట్టి చూడందే మమ్మల్ని పడుకోనిచ్చేవాడివి కాదు. "సున్నం రాలుతది, నీకేమన్న పిచ్చా?" అని అవ్వ రోజూ తిట్టేది.

ఆ భయం ఇప్పుడు నాకు పట్టుకుంది. మొన్ననే నస్పూర్‌లో ఈ కిరాయి ఇంట్లోకి మారాం. రెండు రాత్రులూ ఎలాగో ఆపుకున్నాను. ఈ మధ్యాహ్నం నా బిడ్డ గదిలో నిద్రపోతుంటే ఇక ఆగలేక బూజుకర్రతో పైకి కొట్టాను. డొల్లగా మోగింది. ఇంకోచోట కొట్టాను. అక్కడా అంతే. బిడ్డకు అడ్డంగా మంచం మీదికి వంగాను.

చప్పుడు విని నీ అల్లుడు ఉరికొచ్చాడు.

"అది ఫాల్స్ సీలింగే. లోపల ఖాళీ ఉంటది, డొల్లగనే మోగుతది. గింత భయమేంది?" అని నవ్వాడు.

ఇన్నేళ్లు నీతో కాపురం చేసిన అవ్వ కూడా వెనకే వచ్చి నవ్వింది. "మీ బాపు పిచ్చి నీకు అంటింది," అన్నది.

సిగ్గుపడి కర్రను మూలకు పెట్టి వచ్చాను. మంచం మీద బిడ్డ లేదు.

వాకిట్లో, ఎండలో, పైన ఏ కప్పూ లేని చోట, అవ్వ దాన్ని ఒళ్లో వేసుకుని కొంగు అడ్డం పెట్టి కూర్చుంది.