తీర్థం తడి

తిరుపతి

చి.సౌ. రంగప్రియకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమమని రాయడం అలవాటు కదా, చేయి అదే రాయబోయింది. మీ నాయన కుడికన్ను తప్ప తక్కినవన్నీ క్షేమమే. పుణేలో నువ్వూ పాపా బాగున్నారని తలుస్తాను.

ఆస్పత్రి మీద నువ్వు రాయించి కొరియరులో పంపిన ఫిర్యాదు కాగితాలు, ప్రశ్నల చీటీ అందాయి. ఫోను చేస్తే మీ నాయన స్పీకరు పెట్టమంటారు, అందుకే రాస్తున్నాను. చూపు తిరిగొస్తుందా అని అడిగావు. రాదు. రెండో డాక్టరూ అదే చెప్పాడు. శుక్లం తీశాక వాపు రాకుండా కంట్లో స్టెరాయిడ్ పెట్టారు కదా, అది నొప్పినీ ఎరుపునీ అణిచేసిందట. లోపల క్రిములు చేరి చీము పట్టేదాకా మాకు తెలియలేదు. ఐదో రోజు నల్లగుడ్డు మీద తెల్లగా కనబడితే ఆటోలో పరుగెత్తాం.

కట్టు విప్పిందెవరని అడిగావు. నర్సు గ్రేసీ. చేతులు కడుక్కోకుండా ముట్టుకుందని మీ నాయన ఆస్పత్రిలో అరిచారు. మర్నాడే ఆస్పత్రివాళ్లు ఆమెను పనికి రావద్దన్నారు. ఆమె సబ్బుతో రెండుసార్లు కడుక్కోవడం నేను చూశాను. చూసీ నోరెత్తలేదు. ఇంటికి పంపేటప్పుడు కూడా చెప్పింది, "పది దినాలు ఒక్క సుక్క నీళ్లు పడగూడదు పెద్దమ్మా, నువ్వే సూసుకోవాల" అని.

ఇంట్లో కంట్లో ఏమైనా వేశారా అనీ అడిగావు. డాక్టరూ అడిగాడు. లేదన్నాను, సిగ్గులేకుండా.

వేశాను తల్లీ. గుడికి పోలేకపోతున్నానని ఆయన దిగులుపడితే చూడలేకపోయాను. తీర్థం తాగి తడిచేతిని కళ్లకద్దుకోవడం మన అలవాటే కదా. రెండో రోజు మధ్యాహ్నం ఆయన కళ్లు మూసుకుని పడుకున్నారు. నిద్రే అనుకున్నాను. కంటి మీది కప్పు జరిపి, పూజలోని రాగిగిన్నెలో వేళ్లు ముంచి రెప్పల మీద అద్దాను. అది ముందురోజు తీర్థం, తులసి మురిగిన వాసన కూడా వచ్చింది. అయినా స్వామి తీర్థం చెడుపు చేస్తుందా అనుకున్నాను. నా బుద్ధి మండిపోను.

దానివల్లేనో కాదో నాకు తెలియదు. గ్రేసీ వల్ల కాదని మాత్రం తెలుసు. రేపు ఆస్పత్రికి పోయి ఆ మాటే చెబుతాను.

ఇంకొకటి. నిన్న తీర్థమిస్తే మీ నాయన తాగి, చేతిని కళ్లకద్దుకోలేదు. పంచెకు తుడుచుకున్నారు. పెళ్లయిన నలభై ఏళ్లలో అలా చేయడం నేను చూడలేదు. ఆ మధ్యాహ్నం ఆయన నిద్రపోలేదు, రంగా. అంతా తెలిసే, నువ్వు పంపిన ఫిర్యాదు కాగితాలు ముందేసుకుని, "సంతకం యాడ పెట్టాలో వేలుపెట్టి చూపించు" అన్నారు.

నేను చూపించలేదు. కాగితాలు సంతకం లేకుండానే తిప్పి పంపుతున్నాను.

ఇట్లు,
నీ అమ్మ
వకుళాదేవి