మీటరు లేని పెట్టె

మంగళవారం, చిద్రి

చిట్గుప్ప నుంచి శాంతమ్మ ఈరోజు తన నాలుగు నెలల కూతుర్ని తీసుకొచ్చింది. నెలలు నిండకుండా పుట్టి, మా ఆసుపత్రి గాజుపెట్టెలో మూడు వారాలున్న పిల్ల.

"దీపం చూపెడితే చూస్తలేదు సిస్టరమ్మా," అంది. టార్చి వేసి చూశాను. ఆ కళ్ళు వెలుగు వైపు తిరగలేదు.

హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రి కొత్తవి కొనుక్కుని మాకు పడేసిన పెట్టె అది. ఆక్సిజన్ ఎంత పోతోందో కొలిచే మీటరు దానికి లేదు. నెలలు నిండని పిల్లలకు ఆక్సిజన్ ఎక్కువైతే చూపు పోతుందని, కొలిచే ఇవ్వాలని నన్ను పంపిన నర్సుల శిక్షణలో చెప్పారు. తిరిగొచ్చి, మీటరు కావాలని పెద్ద డాక్టరుగారికి రాసి కూడా ఇచ్చాను.

"మిషిన్ మంచిగనే నడుస్తాంది కదమ్మా, ఎందుకు పరేషాన్?" అన్నారాయన. తనిఖీకి వచ్చినవాళ్ళూ అది నడుస్తోందని చూసి సంతకం పెట్టి వెళ్ళిపోయారు. ఆ తర్వాత నేనూ నోరు మూసుకున్నాను. ఈ పిల్లను అందులో పడుకోబెట్టింది నేనే.

కళ్ళ డాక్టరుకు చీటీ రాసిచ్చాను. చూపు ఎందుకు పోయి ఉంటుందో మాత్రం చెప్పలేదు.

"మీరే పానం నిలవెట్టిన్రు, మీ మేలు మర్వను," అంటూ శాంతమ్మ నా చేతులు కళ్ళకద్దుకుంది.

ఆ పెట్టెలో ఇప్పుడు ఇంకో బిడ్డ ఉంది.