లోకం మునుగుతుందన్న రోజు

అమ్మా అనూరాధా,

ఫోనులో అయితే నాకు ఏడుపొస్తుంది, నువ్వు పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదువు.

అరవై రెండులో నేను చిన్నపిల్లని. ఎనిమిది గ్రహాలు ఒకచోట చేరి లోకం మునిగిపోతుందని పేపర్లో పడిందట. మా అయ్య సంద్రం మీద వేటకి వెళ్లలేదు. మా అమ్మ పెళ్లిచీర కట్టుకుని, వానాకాలానికి దాచిన ఎండుచేపలన్నీ ఒక్క పూటలో వండేసింది. "సచ్చిపోయే రోజు దాపరికమేటి, తినండి" అంది. ఊరంతా అలాగే తినేసి, ఇసుకలో కూర్చుని పెద్ద అల కోసం చూశాం. తెల్లారిపోయింది. మా నానమ్మ లేచి, "లోకం ఉన్నాది గానీ కూరే లేదు! తెప్పలు దించండ్రా!" అని అరిచింది. నవ్వుకుంటూ వెళ్లి బుట్టలనిండా కవళ్ల చేపలు తెచ్చారు.

నా వినోద్ వేట నుంచి తిరిగి రాని రోజు నాకూ అంతా మునిగిపోయిందనే అనిపించింది. నువ్వింకా పుట్టింటి గడప దాటడం లేదట. మనలో మారుమనువు తప్పు కాదు. వాణ్ణి కన్నతల్లిని, నేనే చెప్తున్నాను. ఆటో నడిపే కూర్మయ్య నిన్ను అడిగిస్తున్నాడు కదా, సరే అను.

"సంద్రం మీదకి ఎల్తావేటిరా?" అని ముందే అడిగాను.

"ఆటో కడగడానికే నీళ్లంటే బయం నాకు, అత్తా" అన్నాడు.

మొన్నటిదాకా నన్ను పెద్దమ్మా అనేవాడు. నిన్ను నా కూతుర్ని చేసేశాడు చూడు. నేను వద్దనలేదు.

ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. నీ మాట నీ నోటితోనే చెప్పు.

మీ అమ్మ