పన్నెండు టైమర్ల విషయంలో కృపారాణి చివరి మాట

కీర్తిశేషులు యడ్ల అబ్రహాం గారి చిన్న కూతురు, కొత్తవలస వాస్తవ్యురాలు, అరవై ఏడేళ్ళ యడ్ల కృపారాణి అనే నేను పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా, సొంత దస్తూరితో రాస్తున్న వీలునామా ఇది. నా మతి సవ్యంగా ఉందని డాక్టరు రాసిన కాగితం జతపరిచాను. గుండె సవ్యంగా లేదు, అందుకే ఈ తొందర. దీన్ని అమలు జరిపే బాధ్యత నా స్నేహితురాలు, రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ పద్మకుమారి గారిది. ఆవిడకు మొహమాటం తెలియదు కనుకే ఆవిడను పెట్టాను.

1. రైల్వే గేటు దగ్గర నా స్వార్జితమైన రెండు గదుల డాబా ఇల్లు, పెరడుతో సహా, మా అన్నయ్య జేమ్స్ కూతురు దీవెనకు సర్వహక్కులతో చెందాలి. ఉంచుకుంటుందో అమ్ముకుంటుందో దాని ఇష్టం. పెళ్ళి చేసుకుంటేనే ఇల్లు అని షరతు పెట్టమని బంధువులు సలహా ఇచ్చారు. నేను చేసుకోలేదు, నాకేం కొంప మునగలేదు.

2. నా ఏడు నోటు పుస్తకాలు కూడా దీవెనకే. వాటిలో ఉన్నది ఒకే ఒక్క సర్క్యూట్. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని పొలాల్లో నీళ్ళ మోటారును వేళకు వేసి ఆపే టైమరు లోపలి గడియారం గుండీ బ్యాటరీ మీదే ఏళ్ళ తరబడి నడవాలి. ఆ గడియారానికి ప్రాణం ఒక చిన్న క్రిస్టల్. అది సెకనుకు ముప్పైరెండు వేల చిల్లర సార్లు కంపిస్తుంది. గట్టిగా నెడితే బ్యాటరీ తినేస్తుంది, మెల్లగా నెడితే ఆగిపోతుంది. ఎంత తక్కువ నెట్టినా ఆగకుండా ఉంటుందో తేల్చడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. మే నెలలో పెట్టె లోపల యాభై డిగ్రీలకు క్రిస్టల్ రోజుకు దాదాపు రెండు సెకన్లు వెనకబడుతుంది. దాన్ని దిద్దే పద్ధతి అయిదో పుస్తకంలో ఉంది. అడిగినవాళ్ళకల్లా ఊరికే నకలు ఇవ్వాలి. మొదటి పేజీలో నా పేరు మాత్రం చెరపకూడదు.

3. నా సోల్డరింగ్ ఐరను, భూతద్దం, బీరువాలో ఉన్న రెండు కొత్త నేత చీరలు జగ్గమ్మకు. ఈ టైమర్లు తయారుచేసిన మా వర్క్‌షాపులో బోర్డులన్నీ అతికింది ఆమే. సోల్డరు జిగురు కొంచెం మిగిలినా సముద్రపు గాలి తేమకు అంత సన్నటి కరెంటు పక్కదారి పడుతుంది, గడియారం ఆగిపోతుంది. అది పుస్తకాల్లో చదవక ముందే జగ్గమ్మ కనిపెట్టింది. పాత పళ్ళ బ్రష్షుతో ఒక్కో బోర్డునూ మూడేసి సార్లు కడిగేది. ఆమె లేకపోతే నా సర్క్యూట్ కాగితం మీదే ఉండిపోయేది.

4. మా టైమరును పరీక్షించిన సర్కారు ఆఫీసరుకు నేను ఏమీ ఇవ్వడం లేదు, క్షమాపణతో సహా. 1998 మే నెలలో గజపతినగరం వైపు పన్నెండు పొలాల్లో పన్నెండు టైమర్లు పెట్టాం. రేడియోలో వచ్చే పిప్ పిప్ శబ్దాలకు వాటి టైము నేనే కలిపాను. నెల తిరిగాక వాటిని మా పేట చర్చి వరండాలో బల్ల మీద పేర్చి, గోడ గడియారంతో పోల్చి చూశారు. పన్నెండూ అయిదు నిమిషాలు వెనక. నేను ఆ రోజు టైఫాయిడ్‌తో మంచం మీద ఉన్నాను. జగ్గమ్మ ఒక్కర్తే అడ్డం పడింది. “పన్నెండూ ఒక్కలాగే ఎలగ తప్పుతాయి బాబూ? ముందు ఆ గోడ గడియారం సూడండి” అంది. కూలిమనిషికి ఇంజనీరింగ్ ఎందుకన్నాడు ఆయన. పైగా తన చేతి వాచీని కూడా ఆ గోడ గడియారానికే కలుపుకుని వెళ్ళాడు. నేను మంచం దిగేసరికి పెట్టెలు ఆయన పట్టుకుపోయాడు, “డిజైన్ లోపం” అని రిపోర్టు వచ్చింది. వర్క్‌షాపు మూతపడింది. ఆ రెండు మాటలు ఈనాటికీ నా పేరు మీద ఉన్నాయి. నాకు కావలసిందల్లా అవి పోవడం. ఈ ఒక్క సంగతిలో నేను తగ్గను.

5. నన్ను మా అమ్మ పక్కన, మిషన్ సమాధుల తోటలో పెట్టాలి. ఈ కాగితం చదివాక చర్చి సంఘానికి కోపం వచ్చి కాదంటే, పద్మకుమారి గారు కలెక్టరు దగ్గరికి వెళ్ళాలి. వెళ్తారు కూడా.

6. మా అన్నయ్య యడ్ల జేమ్స్‌కు నా ఆస్తిలో చిల్లిగవ్వ కూడా రాయడం లేదు. కోపంతో కాదు. వీలునామాకు సాక్షి సంతకం చేసినవాళ్ళకు అందులో రాసిన ఆస్తి చెల్లదని ప్లీడరు గారు చెప్పారు. నాకు ఆయన సాక్ష్యమే కావాలి.

చర్చి వరండాలోని ఆ గోడ గడియారానికి కీ ఇచ్చే పని ముప్పై ఏళ్ళు అన్నయ్యదే. మొన్న డిసెంబరులో నాకు గుండెకు స్టెంటు వేసిన రోజు ఆసుపత్రిలో నా కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. “జనం ఆరాధనకి టయానికి రారనీసి అయిదు నిమిషాలు ముందుకి ఎట్టీవోణ్ణే. ఎవులికీ తెలీదు. ఆఫీసరు టైము కరెక్టేనా అని అడిగితే, పాస్టరు గారి ముందు నానేటి సెప్పను? కరెక్టే బాబూ అనీసినాను. ఆయనెల్లిపోయాక ఎనక్కి తిప్పీసినాను” అన్నాడు.

ఆ రోజు నా ఒంటి నిండా గొట్టాలు ఉన్నాయి. ఇంటికొచ్చాక రాసివ్వమన్నాను. “నాను సంఘపెద్దని. నా బతుకున్నంతవరకూ ఆ మాట బయటెట్టకే” అన్నాడు. అన్నయ్యా, నువ్వు నన్ను భుజాల మీద ఎక్కించుకుని బడికి తీసుకెళ్ళినవాడివి. నీ మీద ప్రేమ చావలేదు. కానీ ఇరవై ఏడేళ్ళు నేను మోసింది నీ పరువు. ఇక మోయను. ఈ కాగితం నువ్వు సంతకం పెట్టినా చెల్లుతుంది, పెట్టకపోయినా చెల్లుతుంది. రెండో సాక్షిగా పక్కింటి ఉష సిద్ధంగా ఉంది. నీ చోటు మాత్రం సాయంత్రం దాకా ఖాళీగా ఉంచుతాను.

ఇందులో రాసినదంతా చదువుకుని, దిద్దుకుని, సాక్షుల ఎదుట చేవ్రాలు చేస్తున్నాను.

కొత్తవలస,
2025 మార్చి 9, ఆదివారం.

(సం.) యడ్ల కృపారాణి

సాక్షులు:

1. గంగరాజు, రైల్వే రిటైర్డ్ గార్డు, కొత్తవలస. కృపారాణి గారు నా ఎదుట సంతకం చేశారు.

2. మా సెల్లి నా కళ్ళ ముందల సంతకం ఎట్టింది. ఆరో నంబరు రెండుసార్లు సదివినాను. అందులో ఉన్నదంతా నిజమే. పన్నెండు పెట్టెలూ సరిగ్గానే తిరిగినాయి. గడియారం నానే ముందుకి తిప్పినాను. వచ్చే ఆదివారం ఆరాధనలో నిలబడి ఈ మాటే సెప్తాను.
(సం.) యడ్ల జేమ్స్, సంఘపెద్ద.