రాతి మీసం

సుధాకరా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు చూడని పుస్తకమొకటి చదువుతున్నాను. ఇద్దరు మగవాళ్ల ప్రేమకథ, ఏదో గ్రహం మీద జరుగుతుంది. చిన్న నవలే. నువ్వైతే ఆకాశనౌకల పేజీలన్నీ దాటేసి ముద్దు ఎక్కడుందా అని వెతికేవాడివి.

ఆ గ్రహం మీద మనిషి పోతే, అతన్ని ప్రేమించినవాళ్ల జ్ఞాపకం నుంచి మళ్లీ తయారుచేస్తారు. "ఇతన్ని ప్రేమించిందెవరు?" అని అధికారి అడుగుతాడు. గుంపులోంచి ఒకడు చెయ్యెత్తుతాడు. ఎవరూ నవ్వరు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో పోతూ ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను. అట్ట కనపడకుండా న్యూస్‌పేపర్ చుట్టే ఉంది, నువ్వు ఇలాంటి పుస్తకాలకు చుట్టినట్టే.

ఆళ్లగడ్డలో మీ అన్న నీ విగ్రహం చెక్కించాడు. బండికెక్కించడానికి మనుషులు చాలక నన్ను పిలిచాడు. చూద్దును కదా, నీకు మెలితిప్పిన మీసం! మన గదిలో అద్దం ముందు రోజూ నున్నగా గీక్కున్న నీకు!

"ఇదేందన్నా?" అన్నాను.

"మీసం ల్యాకుంటే ఏం బాగుంటాదప్పా? మొగోడు మొగోని మాదిరుండాల. శిల్పికి నేనే చెప్పినా," అన్నాడు. "నువ్వు వాని దోస్తువు గదా, చెప్పు, ఎట్లుండాడు?"

నన్ను అడగాల్సిన ప్రశ్న అది కాదు. నీ చెంప మీది రాతిపొడి చేత్తో తుడిచాను. అందరి ముందూ అంతవరకే కుదిరింది.

"అచ్చం నీ మాదిరే ఉండాడన్నా," అన్నాను.

మీ అన్న మురిసిపోయి మీసం దువ్వుకున్నాడు.