శీను వేలిముద్ర

మంగళవారం రాత్రి, తిఫ్రా

తమ్ముణ్ణి ఈ రోజు ఆసుపత్రిలో చేర్చాను. తాగుడు మాన్పించే వైద్యం కూడా సర్కారు బీమా కార్డు మీద చేస్తారని తెలిసి, పొద్దున్నే వాణ్ణి ఆటో ఎక్కించాను. దారంతా బుద్ధిగానే కూర్చున్నాడు. చేతులు మాత్రం వణుకుతూనే ఉన్నాయి.

కార్డు నడవాలంటే రోగి వేలిముద్ర పడాలి. శీను వేలు ఎన్నిసార్లు పెట్టినా ఆ వణుకుకి మిషను తీసుకోలేదు. చివరికి వాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"అక్కా, ఇంటికెల్లిపోదాం. నానిక్కడుండను."

"నీ మంచికే కదరా. కొన్ని దినాలు ఓర్చుకో."

కౌంటర్లో అమ్మాయి, "దీదీ, హాథ్ పకడ్ లీజియే," అని హిందీలో వాడి చెయ్యి పట్టుకోమంది. నేను వాడి మణికట్టు గట్టిగా పట్టుకుని, బొటనవేలిని అద్దం మీద అదిమాను. వాడు గింజుకున్నాడు. నేను వదల్లేదు. పచ్చలైటు వెలిగింది.

వాడు కేకలు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు.

"ఏలు నాదేనక్కా. ఒప్పుకున్నది నువ్వు," అని వార్డుబోయ్ వెంట వెళ్ళిపోయాడు.

ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలోనే అడిగింది. "ఏటే, ఆడు ఒప్పుకున్నాడేటి?"

"ఒప్పుకున్నాడమ్మా."

చాలా రోజుల తర్వాత అమ్మ కడుపు నిండా తిని పడుకుంది. నాకు నిద్ర రావడం లేదు. బయట ఏ చిన్న చప్పుడైనా, వాడు పారిపోయి వచ్చి తలుపు తడుతున్నట్టే వినిపిస్తోంది. నిజంగా వాడే వస్తే, తీస్తానో లేదో నాకే తెలియడం లేదు...